క్యాంపస్ వైఫై బాగుపడాలంటే గోడ వెనక నుంచి మొదలుపెట్టండి

విశ్వవిద్యాలయంలో వైఫై బాగాలేదని ఫిర్యాదులు పెరిగితే ముందుగా ఒక సమావేశం జరుగుతుంది. "ఇప్పుడు ఎన్ని యాక్సెస్ పాయింట్లు ఉన్నాయి?" అని పెద్దలెవరో అడుగుతారు. 200 అంటే, 500 చేద్దాం అంటారు. అంచనా తయారవుతుంది, టెండరు పడుతుంది, వైఫై సిగ్నల్ పంపే ఆ తెల్లటి పళ్లాల్లాంటి పరికరాలను పైకప్పులకు బిగిస్తారు. ఆరు నెలలు తిరక్కుండా అదే ఫిర్యాదు మళ్లీ వస్తుంది, ఈసారి ఇంకాస్త కోపంగా.

ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఈ పని నేను రెండుసార్లు చేశాను. మొదటిసారి సరిగ్గా ఇలాగే చేసి చేతులు కాల్చుకున్నాను. రెండోసారి ఖర్చులో సగానికి పైగా తీగలకు, స్విచ్‌లకు (నెట్‌వర్క్ తీగలన్నిటినీ కలిపే పరికరాలకు), కరెంటుకు పెట్టాను. పైకప్పుకు కనిపించేవాటి సంఖ్య పెద్దగా పెరగలేదు, నెట్ మాత్రం బాగుపడింది. మీ క్యాంపస్‌లో ఈ బాధ్యత మీ నెత్తిన పడితే ఏ వరసలో చేసుకుంటూ పోవాలో చెబుతాను. యాక్సెస్ పాయింటును పొడి అక్షరాల్లో రాస్తే మన దగ్గర రాష్ట్రం పేరైపోతుంది కాబట్టి, మా సిబ్బంది పిలిచినట్టే "పాయింటు" అంటాను.

రాత్రి తొమ్మిదిన్నరకు హాస్టల్‌కు వెళ్లండి

పగలు పదకొండు గంటలకు పరిపాలనా భవనంలో వైఫై ఎప్పుడూ బాగానే ఉంటుంది. కొలవాల్సింది అక్కడ కాదు. మెస్ మూసేసి, పిల్లలందరూ గదులకు చేరాక కొలవాలి. ఒక ల్యాప్‌టాప్, విద్యార్థుల చేతుల్లో ఎక్కువగా కనిపించే రకం మామూలు ఫోను, ప్రతి అంతస్తుకూ చేత్తో గీసిన పటం, పెన్ను తీసుకెళ్లండి. వరండాలో నిలబడి చూస్తే లెక్కకు రాదు. గదిలోకి వెళ్లి, తలుపు వేసి, మంచం మీద కూర్చుని చూడాలి. వాళ్లు వాడేది అక్కడే.

మూడు కొలతలు తీయండి. మొదటిది, పాయింటుకు వచ్చే తీగను ఊడదీసి ల్యాప్‌టాప్‌కు పెట్టి, మీ సర్వర్ గదిలో ఉంచిన ఒక కంప్యూటర్ దాకా వేగం ఎంతో చూడండి. ఐపెర్ఫ్ అనే ఉచిత సాధనం ఇందుకు చాలు. రెండోది, అదే కంప్యూటర్ దాకా వైఫై మీద. మూడోది, వైఫై మీదే బయటి ఇంటర్నెట్ దాకా. మొదటిదే పడిపోతే తప్పు తీగలోనో స్విచ్‌లోనో ఉంది. మొదటిది బాగుండి రెండోది పడిపోతే తప్పు గాలిలో ఉంది. రెండూ బాగుండి మూడోది పడిపోతే బయటి లంకె (ఇంటర్నెట్ కనెక్షన్) చాలడం లేదు, లేదా వచ్చేపోయే డేటాను వడకట్టే ఫైర్‌వాల్ మోయలేకపోతోంది. ఈ మూడింటినీ విడదీయకుండా ఫోనులో ఒక స్పీడ్ టెస్ట్ చేసి, దాని స్క్రీన్‌షాట్‌ను సమావేశంలో చూపిస్తే ఎవరి మీద నెట్టాలన్నా వీలుగా ఉంటుంది. అంతకు మించి ఉపయోగం లేదు.

సిగ్నల్ బలాన్ని ఫోనులోనే చూడవచ్చు. అది మైనస్ అంకెల్లో ఉంటుంది, సున్నాకు ఎంత దగ్గరైతే అంత మంచిది. మైనస్ 67 డీబీఎం దగ్గర వీడియో కాల్ నిక్షేపంగా నడుస్తుంది. మైనస్ 75 దాటితే గీతలు కనిపిస్తాయి గానీ పని జరగదు. పటం మీద గది గదికీ ఈ అంకె రాయండి.

మా దగ్గర ఒక హాస్టల్ మూడో అంతస్తులో సిగ్నల్ మైనస్ 55 ఉంది, అంటే పుష్కలం. అయినా పిల్లలు ఫోను పట్టుకుని మెట్ల మలుపులో నిలబడి మొబైల్ డేటా వాడుకుంటున్నారు. తీగ ఊడదీసి చూస్తే తెలిసింది. ఆ అంతస్తులోని 14 పాయింట్లలో ఐదు గిగాబిట్ (సెకనుకు 1000 మెగాబిట్లు, అంటే 1000 ఎంబీపీఎస్) మీద కాక 100 ఎంబీపీఎస్ మీద నడుస్తున్నాయి. నెట్‌వర్క్ తీగలో నాలుగు జతలుంటాయి. గిగాబిట్‌కు నాలుగూ కావాలి, 100కు రెండు చాలు. ఒక జత తెగినా, జాక్‌లో తుప్పు పట్టినా స్విచ్ నోరెత్తకుండా 100కు దిగిపోతుంది. లైటు మాత్రం పచ్చగా వెలుగుతూనే ఉంటుంది. ఆ లైటును చూసి ఎనిమిది నెలల పాటు మేము "పాయింటు బాగానే ఉంది" అని రాసిన రిజిస్టరు ఇప్పటికీ మా గదిలో ఉంది.

మెట్ల కింది పెట్టె కూడా తెరిపించండి. బల్లి గుడ్లు, చీమల పుట్ట, అంగుళం మందాన దుమ్ము, వాటి మధ్య ఒక స్విచ్ కనిపిస్తాయి. ఆ స్విచ్‌కు పైన ఏముందో తీగ పట్టుకుని వెళ్లి చూడండి. చాలాచోట్ల ఒక స్విచ్ నుంచి ఇంకో స్విచ్‌కు, అక్కడి నుంచి మరొకదానికి రైలు పెట్టెల్లా తగిలించుకుంటూ పోయి ఉంటారు. మొదటిది పోతే రైలంతా ఆగుతుంది.

ఒక హాస్టల్‌కు ఎంత కావాలి?

లెక్క కష్టం కాదు. 200 గదులు, గదికి ముగ్గురు అనుకుంటే 600 మంది. మనిషికి ఒక ఫోను, ఒక ల్యాప్‌టాప్ చొప్పున 1200 పరికరాలు. రాత్రి పది గంటలకు వాటిలో పావువంతు, అంటే 300, ఒకేసారి వీడియో లాగుతున్నాయనుకోండి. ఒక్కోదానికి 2.5 ఎంబీపీఎస్ వేసుకున్నా 750 ఎంబీపీఎస్ అవుతుంది. అంటే ఆ హాస్టల్‌ను వెన్నెముకకు, అంటే క్యాంపస్ ప్రధాన నెట్‌వర్క్‌కు, కలిపే లంకె 1 గిగాబిట్ అయితే, క్రికెట్ మ్యాచ్ ఉన్న రాత్రి నిండిపోతుంది. కొత్తగా వేసేటప్పుడు 10 గిగాబిట్ వేయండి. ఫైబర్ అదే, రెండు చివర్లా పెట్టే మాడ్యూల్ మారుతుంది, అంతే.

బయటి లంకె విషయానికొస్తే, మన ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి విద్యా, పరిశోధన సంస్థలను కలిపే నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్ ద్వారా 1 జీబీపీఎస్ వచ్చింది. అది ఒక్కటే పెట్టుకుని ఆరు హాస్టళ్లను నడపడం కష్టం. రెండో లంకెను వేరే సంస్థ నుంచి తీసుకోండి, అది క్యాంపస్‌లోకి వేరే దారిలో వచ్చేలా చూడండి. రెండు తీగలూ ఒకే గేటు పక్క నుంచి ఒకే గుంతలో వస్తే, జేసీబీ ఒక్క పోటుతో రెండింటినీ తెంపుతుంది.

తీగ, కరెంటు, పిడుగు

భవనానికీ భవనానికీ మధ్య రాగి తీగ వేయకండి. దూరం 60 మీటర్లే కదా అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. రెండు భవనాల ఎర్తింగ్ ఒకటి కాదు. మే నెల గాలివానలో పిడుగు పడితే ఆ తేడా అంతా ఆ తీగలోంచి పారి రెండు చివర్లలోని స్విచ్‌లనూ మాడ్చేస్తుంది. ఫైబర్ గాజు కాబట్టి ఆ బెడద ఉండదు. సింగిల్ మోడ్ ఫైబర్, కనీసం 12 పోగులది, గొట్టంలో వేసి, మీటరు లోతున పాతించండి. పైన దారి చూపే రాళ్లు నాటించండి. ఆ దారి పటం ఇంజనీరింగ్ విభాగం దగ్గర, తోటల విభాగం దగ్గర కూడా ఉండాలి. మన క్యాంపస్‌లలో ఫైబర్‌కు అసలు శత్రువులు చెట్లు నాటే కార్యక్రమం, తాగునీటి పైపు. వీలైతే భవనాలను గొలుసులా కాక వలయంలా కలపండి. అప్పుడు ఒకచోట తెగినా ఇంకోవైపు నుంచి నడుస్తుంది.

భవనం లోపల స్విచ్ నుంచి పాయింటు దాకా రాగి తీగ 100 మీటర్లు మించకూడదు. ఇక్కడ ఒక మోసం గురించి చెప్పాలి. బజారులో రాగి పూత పూసిన అల్యూమినియం తీగ దొరుకుతుంది. చుట్ట మీద అంతా సరిగ్గానే ముద్రించి ఉంటుంది, ధర మూడోవంతు తక్కువ. పాయింటుకు కరెంటు కూడా ఇదే తీగలోంచి వెళ్తుంది కాబట్టి అది వేడెక్కుతుంది, విరుగుతుంది, రెండేళ్లకు జాక్ దగ్గర పొడిపొడి అవుతుంది. వచ్చిన ప్రతి చుట్ట నుంచీ అడుగు ముక్క కోసి, ఒక పోగును బ్లేడుతో గీకి చూడండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి. తెల్లగా మెరిస్తే చుట్ట వెనక్కి పంపండి. ఈ పరీక్ష గుత్తేదారు ముందే చేయండి, ఆయన ముఖంలో సమాధానం ముందే తెలుస్తుంది.

పాత క్యాట్ 5ఈ తీగ ఉందని మొత్తం పీకి పారేయనక్కర్లేదు. అసలైన రాగి అయి, పరీక్షలో నాలుగు జతలూ బాగుంటే దాని మీదే 2.5 గిగాబిట్ నడుస్తుంది. ఆ ప్రమాణం 2016లోనే వచ్చింది. అలా మిగిలిన డబ్బును స్విచ్‌లకు పెట్టండి.

స్విచ్ కొనేటప్పుడు రేవుల (తీగలు గుచ్చే పోర్టుల) సంఖ్య ఒక్కటే చూస్తే దెబ్బతింటారు. 24 రేవుల స్విచ్ అని రాసి ఉంటుంది, ప్రతి రేవూ 30 వాట్లు ఇస్తుందని కూడా ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో మొత్తం 370 వాట్లు అని ఉంటుంది. 370ని 30తో భాగిస్తే 12. అంటే పూర్తి కరెంటు తాగే పాయింట్లు పన్నెండు పెట్టగానే ఆ స్విచ్ చేతులెత్తేస్తుంది. పదమూడోది వెలుగుతుంది, ఆరిపోతుంది, మళ్లీ వెలుగుతుంది. మీరేమో పాయింటు పాడైందని మారుస్తూ ఉంటారు.

యూపీఎస్, ఎర్తింగ్ గురించి పెద్దగా చెప్పను. ప్రతి పెట్టెకూ ఉండాలి. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ అర నిమిషంలో స్విచ్ ఆరిపోతే, అది మళ్లీ లేచేదాకా హాస్టల్ అంతా మీ ఫోనుకు కాల్ చేస్తుంది. ఎండాకాలం డాబా గదిలో 45 డిగ్రీల్లో స్విచ్ పెట్టకండి. విశాఖలాంటి సముద్రపు ఊళ్లలో బయట పెట్టే పెట్టెకు ఉప్పుగాలిని తట్టుకునే పూత అడగండి.

గాలిలో రచ్చబండ

ఇక వైఫై దగ్గరికి వద్దాం. అసలు విషయం ఒకటి పట్టుకుంటే మిగతావన్నీ దాని వెంటే వస్తాయి. ఒక ఛానెల్ మీద ఒకసారి ఒకరే మాట్లాడాలి. రచ్చబండ దగ్గర కూర్చున్నట్టే. అందరూ ఒకేసారి అరిస్తే ఎవరి మాటా వినపడదు. ఒకరు మెల్లగా సాగదీసి చెబుతుంటే మిగతా వాళ్లంతా ఆగాలి. ఈ చిక్కు ఎదురైంది కూడా మొదట విశ్వవిద్యాలయంలోనే. 1971లో హవాయి విశ్వవిద్యాలయం వారు దీవుల్లోని ప్రాంగణాలను రేడియోతో కలపడానికి అలోహానెట్ పెట్టినప్పుడు, ఇద్దరు ఒకేసారి పంపితే రెండు మాటలూ చెడేవి. ఆగి, మళ్లీ పంపడమే వారి పరిష్కారం. ఈ రోజు మీ హాస్టల్‌లోనూ అదే జరుగుతోంది, పంపేవాళ్లే వందల్లో ఉన్నారు.

ఇప్పుడు నా మొదటి తప్పు చెబుతాను. హాస్టల్ వరండాలో పది అడుగులకొకటి చొప్పున వరుసగా పాయింట్లు బిగించాం. చూడటానికి ముచ్చటగా ఉంది. వరండా పొడవైన గొట్టం లాంటిది, అడ్డు గోడ లేదు. ఒక్కో పాయింటు మాట ఇంకో తొమ్మిదింటికి వినిపిస్తుంది. వైఫై వాడే రేడియో పట్టీల్లో (బ్యాండ్లలో) ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానితో ఒకటి తగలని ఛానెళ్లు మూడే: 1, 6, 11. పది పాయింట్లు మూడు ఛానెళ్ల మీద కూర్చుని ఒకరి కోసం ఒకరు ఆగుతూనే ఉన్నాయి. గదుల్లోకి మాత్రం ఇటుక గోడ, ఇనుప బీరువా దాటి సిగ్నల్ సరిగా పోలేదు. పాయింట్లు పెంచాం, వేగం తగ్గింది.

కాబట్టి హాస్టల్‌లో పాయింటును గదిలో పెట్టండి. రెండు మూడు గదులకొకటి, కింది అంతస్తుకూ పై అంతస్తుకూ ఒకే నిలువు వరసలో రాకుండా. గోడ అడ్డుపడుతుందని తిట్టుకుంటాం గానీ, పక్క పాయింటు రొదను ఆపేది కూడా ఆ గోడే. పిల్లలు పీకేస్తారేమోనని వార్డెన్‌గారు భయపడతారు. తాళం బిగించే పట్టీలు వస్తాయి, అవి వాడండి. తన గదిలో ఉన్న పాయింటును ఎవరూ పాడుచేసుకోరు. పక్క గది వాళ్లు ఊరుకోరు కూడా.

తర్వాత అమరికలు. ఇవి పైసా ఖర్చు లేని పనులు, టెండరు కంటే ముందే చేసేయవచ్చు.

నెట్‌వర్క్ పేర్లు తగ్గించండి. విద్యార్థులకొకటి, అధ్యాపకులకొకటి, కార్యాలయానికొకటి, అతిథులకొకటి, పాత టెండరుదొకటి అని ఆరేడు పేర్లు ఉంటాయి. ప్రతి పేరునూ ప్రతి పాయింటూ సెకనుకు దాదాపు పదిసార్లు "నేనున్నాను" అని చాటుతుంది. పాతకాలపు 1 ఎంబీపీఎస్ వేగంతో చాటితే ఒక్కో పేరుకు ఛానెల్ సమయంలో సుమారు రెండున్నర శాతం పోతుంది. నాలుగు పేర్లు, ఒకే ఛానెల్ మీద వినిపించే మూడు పాయింట్లు అంటే 30 శాతం. ఎవరూ ఏమీ చూడకముందే దాదాపు మూడోవంతు సమయం దండోరాకే పోయింది. పేర్లను రెండు లేదా మూడుకు తగ్గించండి. మనుషులను వేరుచేయడం లాగిన్ వెనక వీలాన్‌లతో (ఒకే తీగ మీద నడిచే విడివిడి నెట్‌వర్క్‌లతో) చేయవచ్చు, దానికి వేరే పేరు అక్కర్లేదు.

1, 2, 5.5, 11 ఎంబీపీఎస్ పాత వేగాలను ఆపేయండి. కనిష్ఠం 12 పెట్టండి. దండోరా ఖర్చు రెండున్నర శాతం నుంచి పావు శాతం లోపలికి దిగుతుంది. దూరం నుంచి వేలాడుతూ సాగదీసే ఫోన్లు కూడా దగ్గరి పాయింటుకు జరుగుతాయి. ఎక్కడో ప్రయోగశాలలో పదిహేనేళ్ల నాటి పరికరం ఒకటి ఆగిపోయి గొడవ వస్తుంది, దానికి తీగ వేసి ఇవ్వండి.

5 గిగాహెర్ట్జ్‌ను ముందుకు తెండి. మన దేశంలో 2018 అక్టోబరు నోటిఫికేషన్‌తో ఈ పట్టీలో 605 మెగాహెర్ట్జ్ లైసెన్సు లేకుండా వాడుకునే వీలు వచ్చింది. అంతకుముందు కొన్న పరికరాలు పాత జాబితాతోనే నడుస్తూ ఉండవచ్చు. సాఫ్ట్‌వేర్ తాజా చేసి, దేశం గడిలో భారత్ ఉందో లేదో చూడండి. మధ్య ఛానెళ్లలో పరికరం రాడార్ మాటను పోల్చుకుంటే తనంతట తానే ఛానెల్ వదిలి పోతుంది. విమానాశ్రయం దగ్గరో నౌకాదళ స్థావరం దగ్గరో ఉంటే ఒక వారం లాగ్ (పరికరం రాసుకునే చిట్టా) చూసి, తరచూ ఖాళీ అవుతున్న ఛానెళ్లను తీసేయండి.

ఛానెల్ వెడల్పు విషయంలో అత్యాశ వద్దు. 80 మెగాహెర్ట్జ్ పెడితే ఒక్క ఫోను మీద స్పీడ్ టెస్ట్ అదిరిపోతుంది. హాస్టల్‌లో మాత్రం పక్కపక్క పాయింట్లకు పంచడానికి ఛానెళ్లు మిగలవు. కిక్కిరిసిన చోట 20, మిగతా చోట్ల 40. ప్రసార శక్తిని కూడా తగ్గించండి. పాయింటు గట్టిగా అరిచినా ఫోను అంత గట్టిగా బదులు చెప్పలేదు. గీతలు నిండుగా ఉండి నెట్ రాకపోవడానికి ఇదొక కారణం.

తరగతి గదుల్లో 60 మందికి ఒకటి సరిపోతుంది. 250 మంది కూర్చునే సెమినార్ హాలుకు నాలుగు పెట్టి, శక్తి బాగా తగ్గించండి. గ్రంథాలయంలో పుస్తకాల బీరువాలు సిగ్నల్‌ను తాగేస్తాయి కాబట్టి చదువుకునే బల్లల పైన పెట్టండి, బీరువాల పైన కాదు. 1939లో ప్రారంభమైన ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ లాంటి రాతి కట్టడాల్లో గది గదికీ పాయింటు పెట్టక తప్పదు. గోడకు రంధ్రం వేసే ముందు అనుమతి తీసుకోకా తప్పదు. ఆటస్థలానికి, చెట్ల కింద బెంచీలకు కూడా వైఫై కావాలని కోరిక వస్తుంది. దాన్ని చివరికి నెట్టండి, హాస్టళ్లు బాగుపడేదాకా.

టెండరులో రాయాల్సినవి

విద్యార్థుల జేబుల్లో ఏముందో చూసి కొనండి. పాయింట్లన్నిటినీ నడిపే కంట్రోలర్ తెరిస్తే ఎన్ని పరికరాలు ఏ తరానివో జాబితా వస్తుంది. ఎక్కువమందివి ఇంకా వైఫై 5, వైఫై 6 ఫోన్లే అయితే వైఫై 7 పాయింటు వాటిని వేగంగా మార్చలేదు. జనం కిక్కిరిసిన చోట వైఫై 6 మేలు చేస్తుంది, ఒకేసారి కొందరికి ఛానెల్‌ను ముక్కలు చేసి పంచగలదు కాబట్టి. 6 గిగాహెర్ట్జ్ విషయంలో 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ వరకు తక్కువ శక్తితో, భవనం లోపల వాడుకోవడానికి 2025 మేలో కేంద్రం ముసాయిదా నియమాలు వెలువరించింది. మీరు టెండరు రాసే రోజున గెజిట్ తెరిచి చూసుకుని, ఆ పట్టీకి డబ్బు పెట్టాలో వద్దో నిర్ణయించండి.

ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్‌లో కొన్నా, బహిరంగ టెండరు పిలిచినా, పరికరాల సంఖ్య కాకుండా ఫలితం రాయండి. "తలుపు మూసిన ప్రతి గదిలో 5 గిగాహెర్ట్జ్ మీద మైనస్ 67 లేదా మెరుగు, లోపలి సర్వర్‌కు ఇంత వేగం" అని. చివరి బిల్లు ఆ కొలతలు చూపాకే చెల్లించాలని రాయండి. లైసెన్సు గడువు ముగిశాక పాయింటు పనిచేస్తుందా, మూగబోతుందా అన్నది కాగితం మీద అడగండి. మూగబోయేవి ఉన్నాయి. ఐదేళ్ల లైసెన్సు, మరమ్మతు ఒప్పందం మొదటి ధరలోనే కలిపించండి. ఉన్నత విద్యకు కేంద్రం పెట్టిన పీఎం ఉష లాంటి పథకాల డబ్బు కొనుగోలుకు వస్తుంది గానీ, నాలుగో ఏడాది లైసెన్సుకు డబ్బెక్కడిదని అడిగితే ఆర్థికాధికారి కిటికీలోంచి బయటికి చూస్తారు. వందకు ఐదు పాయింట్లు విడిగా బీరువాలో ఉండాలి.

చిరునామాలు, దొంగ రౌటర్లు

"కనెక్ట్ అయింది గానీ ఇంటర్నెట్ లేదు" అని ఫోను చెబితే, మూడుసార్లలో రెండుసార్లు అది చిరునామా సమస్య. నెట్‌వర్క్ ప్రతి పరికరానికీ ఒక నంబరు ఇస్తుంది, అదే ఐపీ చిరునామా. ఒక మామూలు అమరికలో అవి 254 మాత్రమే ఉంటాయి. 600 మంది ఉన్న హాస్టల్‌కు అవి టిఫిన్ వేళకే అయిపోతాయి. పైగా ఇప్పటి ఫోన్లు తమ అసలు మ్యాక్ చిరునామాను (తయారీలోనే వచ్చే గుర్తింపు సంఖ్యను) దాచి, నెట్‌వర్క్‌కు ఒక కల్పిత చిరునామా చూపిస్తాయి. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఓఎస్ 14 నుంచి ఇదే పద్ధతి. పేరు మరిచి మళ్లీ కలిస్తే కొత్త మనిషిలా లెక్కకు రావచ్చు. హాస్టల్‌కు 4094 చిరునామాలున్న గుంపు ఇవ్వండి, ఒక్కో చిరునామాకు గడువు ఎనిమిది గంటలు పెట్టండి. సెమినార్ హాలుకు గంట చాలు.

దీనికంటే వింత జబ్బు ఇంకొకటి ఉంది. ఒక ఆదివారం మధ్యాహ్నం మా హాస్టల్‌లో ఒక వైపు గదులన్నిటికీ నెట్ పోయింది. పాయింట్లు వెలుగుతున్నాయి, లంకె బాగుంది. ఒక కుర్రాడి ల్యాప్‌టాప్‌లో చూస్తే ఐపీ 192.168.0తో మొదలవుతోంది. మేము అలాంటివి ఎక్కడా ఇవ్వలేదు. ఎవరో ఇంటి నుంచి రౌటరు తెచ్చుకుని, గోడ తీగను దాని సరైన రంధ్రంలో కాక పక్క రంధ్రంలో పెట్టారు. అది వరండా మొత్తానికి చిరునామాలు పంచడం మొదలుపెట్టింది, మా సర్వర్ కంటే చురుగ్గా. స్విచ్‌లో ఆ చిరునామా వచ్చిన రేవు వెతికి, ఆ రేవు ఏ గదిదో తెలియక, ఒక్కో తీగ ఊడదీస్తూ నలభై గదులు తిరిగాం. రౌటరు ఒక ట్రంకు పెట్టె వెనక, తువ్వాలు కింద దొరికింది.

మీరు తిరగనక్కర్లేదు. స్విచ్‌లలో డీహెచ్‌సీపీ స్నూపింగ్ అనే అమరిక ఉంటుంది. సర్వర్ వైపు రేవు తప్ప ఇంకెక్కడి నుంచి చిరునామాలు పంచినా తోసిపుచ్చుతుంది. ప్రతి స్విచ్‌లో ఆన్ చేయండి. తీగ లూపు పడితే రేవును మూసే రక్షణ కూడా ఆన్ చేయండి. ప్రతి తీగకూ రెండు చివర్లా గది నంబరు అంటించండి. ఆ కుర్రాడిని మేము తిట్టలేదు. అతని గదిలో సిగ్నల్ మైనస్ 79 ఉంది మరి.

లాగిన్

అందరికీ ఒకే పాస్‌వర్డ్ పెడితే సాయంత్రానికి గేటు బయటి టీ కొట్టుకు కూడా తెలుస్తుంది. లాగిన్ పేజీ తెరిచి రోజూ పేరు కొట్టించే పద్ధతి విసుగు. మ్యాక్ చిరునామా నమోదు పద్ధతి పైన చెప్పిన కారణం వల్ల చచ్చిపోయింది. మిగిలింది 802.1ఎక్స్: ఎవరి పేరు, పాస్‌వర్డ్ వారికి, ఒకసారి పెడితే చాలు. వెనక ఆ పేర్లు, పాస్‌వర్డ్‌లు సరిచూసే ఫ్రీరేడియస్ సర్వర్లు రెండు పెట్టండి, అవి ఉచితం. హాల్‌టికెట్ నంబరే పేరు, పుట్టినతేదీయే పాస్‌వర్డ్ అని పెట్టకండి. మొదటి ఏడాది పిల్లలు మొదటి వారంలోనే సీనియర్ల ఖాతాలు వాడుకుంటారు.

ఇక్కడ సర్టిఫికెట్, అంటే సర్వర్ అసలైనదేనని ఫోనుకు రుజువు చూపేది, తప్పనిసరి. ఆండ్రాయిడ్ 11 తర్వాత చాలా ఫోన్లలో "సర్టిఫికెట్ సరిచూడవద్దు" అన్న మాటే తీసేశారు. విశ్వవిద్యాలయాల ఉమ్మడి వైఫై లాగిన్ ఏర్పాటు ఎడ్యురోమ్‌లో చేరితే ఫోనులో అమరికలు వాటంతటవే వేసే యాప్ దొరుకుతుంది. 2002లో నెదర్లాండ్స్‌లో మొదలైన ఈ ఏర్పాటును మన దేశంలో విద్యా, పరిశోధన నెట్‌వర్క్ సంస్థ ఎర్నెట్ ఇండియా చూస్తుంది. మీ విద్యార్థి ఇంకో దేశపు విశ్వవిద్యాలయానికి వెళ్లినా మీ ఖాతాతోనే అక్కడి వైఫై కలుస్తుంది. చేరడానికి కాగితాల పని కొంత ఉంది, చేయదగ్గదే. సర్టిఫికెట్ గడువు తేదీని మాత్రం ముగ్గురి క్యాలెండర్లలో రాయండి. మాది సెమిస్టర్ పరీక్షల మొదటి రోజు ఉదయం అయిపోయింది. ఆ తేదీ తెలిసిన ఒకే ఒక్కడు అప్పటికి బదిలీ అయ్యాడు.

ఎవరు ఎప్పుడు ఏ చిరునామా వాడారో తెలిపే లాగ్‌లను 180 రోజులు దేశంలోనే ఉంచాలని, గడియారాలను జాతీయ సమాచార కేంద్రం (ఎన్ఐసీ) లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల సమయంతో కలపాలని కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. పోలీసు ఉత్తరం వచ్చిన రోజున మీ గడియారం ఏడు నిమిషాలు ముందుంటే, ఆ ఏడు నిమిషాలు అమాయకుడి మీద పడతాయి.

మార్చే రోజు

మొత్తం క్యాంపస్‌ను ఒకేసారి మార్చకండి. ఎక్కువ ఫిర్యాదులొచ్చే హాస్టల్ ఒకటి తీసుకుని, రెండు వారాలు నడపండి. మొదట్లో గీసిన పటం పట్టుకుని, అదే రాత్రి తొమ్మిదిన్నరకు, అవే గదుల్లో మళ్లీ కొలవండి. బాగుంటే మిగతావి వేసవి సెలవుల్లో చేసేయండి. నెట్‌వర్క్ పేరు, లాగిన్ పాతవే ఉంచండి. కొత్తవి వెలిగిన రోజే పాతవి దింపండి. ఉంటే ఉన్నాయిలే అని వదిలేస్తే అవీ ఛానెల్ మీద అరుస్తూనే ఉంటాయి.

నిఘాకు లిబ్రెఎన్ఎంఎస్, జాబిక్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. గిగాబిట్ నుంచి 100కు దిగిన రేవుల జాబితా ప్రతి ఉదయం మీకు వచ్చేలా పెట్టుకోండి. ఆ ఒక్క జాబితా సగం ఫిర్యాదులను పుట్టకముందే ఆపుతుంది. ఫిర్యాదు పత్రంలో నాలుగే అడగండి: గది, సమయం, ఫోను రకం, సిగ్నల్ కనిపిస్తూ నెట్ రావడం లేదా లేక సిగ్నలే లేదా.

చివరి పని చిన్నదే గానీ మరిచిపోతారు. ప్రతి మెట్ల కింది పెట్టెకూ తాళంచెవులు రెండు చేయించండి. ఒకటి మీ గదిలో, ఒకటి హాస్టల్ వాచ్‌మన్ దగ్గర. పెట్టె తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించండి. ఏ రేవు ఏ గదికి, ఏ ఫ్యూజు ఎక్కడ, రాత్రిపూట ఎవరికి ఫోను చేయాలి అన్నవి పెద్ద అక్షరాలతో రాయండి. పెన్సిల్‌తో రాయండి, గదులు మారుతుంటాయి.